నూట పద్నాలుగు వాక్యాల కిటికీ

రోజు 1
గాలి: తూర్పు, ఒక మోస్తరు.

మా వేదిక మీద ఏది రాసినా ముందు గాలి రాయాలి. ఉత్తరమైనా, పెళ్ళి పిలుపైనా, పక్కింటికి పంపే చీటీ అయినా అంతే. పడవలు ఏ వైపు కట్టాలో, బట్టలు ఏ వైపు ఆరేయాలో, ఆ పూట ఎవరికి కోపం వస్తుందో అంతా గాలిని బట్టే ఉంటుంది కాబట్టి ఈ అలవాటు వచ్చిందని అమ్మ అంటుంది. పరీక్ష పేపరు మీద గాలి రాయకపోతే మా తెలుగు టీచరు ఒక మార్కు తీసేస్తారు. ఈ దినచర్య కూడా ఆవిడ ఇచ్చిన పనే. నలభై రోజుల కాలంలో రాయదగ్గ రోజులన్నీ రాయాలి. "అందంగా రాయొద్దు, జరిగింది రాయి" అన్నారు. నాకు రెండూ చెయ్యాలని ఉంది.

నా పేరు ఒలిశెట్టి మంగతాయారు. పదిహేడేళ్ళు. కాకినాడ తీరానికి ఐదు గంటల దూరంలో, సముద్రం మధ్య ఎనిమిది ఇనుప కాళ్ళ మీద నిలబడ్డ మూడో వేదిక మాది. ఒకప్పుడు ఇక్కడ సముద్రం అడుగు నుంచి గ్యాసు తోడేవాళ్ళట. ఇప్పుడు చుట్టూ నాచు పెంచుతాం, కోస్తాం, ఆరబెట్టి ఒడ్డుకు పంపుతాం. వేదిక కాళ్ళకు ఆలుచిప్పలు పడతాయి. గీకకపోతే కాళ్ళు బరువెక్కి తుఫానుకు నిలబడవు. గీకడానికి తొమ్మిది మంది మునకగాళ్ళు ఉన్నారు. పైన కంప్రెసర్ గాలి కొడుతుంటే, పొడుగాటి గొట్టం నోట్లో పెట్టుకుని గంటల తరబడి నీళ్ళ కింద ఉంటారు. మా కొర్లయ్య మావయ్య వాళ్ళలో ఒకడు. అమ్మకు తమ్ముడు, మాతోనే ఉంటాడు. అమ్మ నాచు ఆరబెట్టే బట్టీకి మంట పెడుతుంది. నాన్న లేడు.

నాకూ ఒక పని ఉంది. కవచం కిటికీ దగ్గర జనానికి వాక్యాలు ఎంచిపెడతాను.

కవచం మా అందరి వైద్య బీమా. కిటికీ అంటే నిజం కిటికీ కాదు, గోడలో బిగించిన తెర. ఒంట్లో బాగోలేకపోతే దాని ముందు నిలబడి, అది చూపించే నూట పద్నాలుగు వాక్యాల్లో ఒకటి ఎంచుకోవాలి. వాక్యం కుదిరితే ఒక డాక్టరు ఏడు నిమిషాలు కనిపిస్తాడు, మందు కింద అరలో పడుతుంది. కుదరకపోతే పది రోజుల దాకా మన పేరుకు కిటికీ తెరుచుకోదు. ఒకసారి కనిపించిన డాక్టరు మళ్ళీ కనిపించిన దాఖలా లేదు. ('దాఖలా' నాకు ఈ వారమే దొరికిన మాట.) నేను ఎంచిన వాక్యాన్ని కిటికీ ఇంతవరకు ఒక్కసారీ తిప్పికొట్టలేదు. ఈ సంగతి గర్వంగా రాయడం లేదు. కొంచెం గర్వంగానే రాస్తున్నాను.

ఈ రోజు మావయ్య నీళ్ళలోంచి ఎక్కి, మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

"ఏటైంది మావయ్యా?"

"తల మీద తడి గోనెపట్టా కప్పినట్టుందే తాయారూ. బరువుగా, సల్లగా. పట్టా తీద్దామని సెయ్యెత్తితే అక్కడేటీ లేదు."

ఎంత మంచి మాటో! కానీ గోనెపట్టా వాక్యం కిటికీలో లేదు. నలభై ఒకటో వాక్యం ఉంది: 'తలనొప్పి, ఎండ వల్ల'. నీళ్ళ కింద ఎండేమిటని మావయ్య అడిగాడు. అది అడిగితే కిటికీ మూసుకుంటుందని చెప్పాను. ఆరు మాత్రలు పడ్డాయి.

రోజు 2
గాలి: పడమర.

మావయ్యకు ఏమీ లేదు. పొద్దున్నే గాలం వేసి రెండు వంజరాలు పట్టాడు. మాత్రలు పనిచేశాయని అమ్మ కిటికీ వైపు తిరిగి దణ్ణం పెట్టింది. మావయ్య ఒక్క మాత్రా వేసుకోలేదన్న సంగతి నాకు తెలుసు. చెప్పలేదు.

నా దగ్గర ఇంకో పుస్తకం ఉంది. ముడి మాటల పుస్తకం. కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళు మొదట ఏమన్నారో అందులో రాసుకుంటాను, వాక్యం ఎంచడానికి ముందు. ఎందుకంటే ఆ మాటలు పారేయబుద్ధి కాదు. "మోకాల్లో ఎవరో ఇసక పోశారు" అన్న ముసలమ్మకు నేను ఎంచిన వాక్యం 'కీళ్ళ నొప్పి, వయసు వల్ల'. రెండూ పక్కపక్కన చదివితే రెండోది అన్నం తినని మనిషిలా ఉంటుంది. ఆ పుస్తకంలో కూడా ప్రతి మాటకూ ముందు గాలి రాస్తాను. అది అలవాటు. కిటికీలో గాలికి గడి లేదు. అక్కడ రాయను.

రోజు 6
గాలి: తూర్పు, గట్టిగా.

మావయ్య ఈ రోజు నిచ్చెన వదిలేశాడు.

పైకి వస్తూ, మూడు మెట్లు ఉన్నాయనగా, చేతులు వాటంతట అవే తెరుచుకున్నాయట. తాతాజీ మేస్త్రీ కొక్కెం కర్ర విసిరి నడుం పట్టాకు తగిలించి లాగాడు. మునకగాళ్ళందరికీ ఆయనే పెద్ద.

"ఏరా కొర్లయ్యా, సేతులకి నూని రాసుకుని దిగేవేటి?"

"నా సేతుల్లా లేవు మేస్త్రీ. ఎవరివో అరువుకిచ్చినట్టున్నాయి."

అందరూ నవ్వారు. మావయ్య కూడా నవ్వి, పక్కకు తిరిగి వాంతి చేసుకున్నాడు.

కిటికీ దగ్గర వేలికి క్లిప్పు పెట్టించాను. ఊపిరి లెక్క తొంభై ఎనిమిది అని పచ్చగా వెలిగింది. అంటే భేషుగ్గా ఉన్నట్టు. అరువు చేతుల వాక్యం లేదు. డెబ్భై మూడోది ఎంచాను: 'చేతుల బలహీనత, వయసు వల్ల'. మావయ్యకు ముప్పై ఆరు. తెర మీదకు వచ్చిన డాక్టరుకు నా తమ్ముడంత వయసుంటుంది, నాకు తమ్ముడుంటే. ఆయన మావయ్య మొహం చూడలేదు. పద్దు చూసి, "మీకు తేమ వల్ల ఆయాసం, ఎండ వల్ల తలనొప్పి, వయసు వల్ల బలహీనత ఉన్నాయి" అని చదివి, ఏడు నిమిషాల్లో రెండు మిగిల్చి వెళ్ళిపోయాడు. ఆయాసం సంగతి పోయిన నెలది. ఆ వాక్యం కూడా నేనే ఎంచాను.

తర్వాత కిటికీ ఎర్ర అక్షరాల్లో ఒక నోటీసు చూపించింది. 'మూడు జబ్బులు నమోదయ్యాయి. నాలుగోది నమోదైన రోజున నీటి అడుగు పనికి అనుమతి రద్దవుతుంది.'

మావయ్య దాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. పదమూడో ఏట నుంచి ఆయన నీళ్ళలోనే ఉన్నాడు. నేల మీద నడిస్తే పక్కకు ఒరుగుతాడు.

"అయితే నాలుగోది రానివ్వకూడదన్నమాట" అన్నాడు, జబ్బేదో గుమ్మం దగ్గర నిలబడి అడుగుతున్నట్టు.

రోజు 7
గాలి: దక్షిణం.

పాత రేడియో గదిలో ఎస్తేరు డాక్టరమ్మ ఉంటుంది. ఆవిడ కవచం మనిషి కాదు. ఆవిడ దగ్గర చేరిన ఇల్లు నెలకో మూట ఎండు నాచు ఇస్తే చాలు. ఎన్నిసార్లు పిలిచినా వస్తుంది, ఎంతసేపైనా కూర్చుంటుంది. అరవై ఇళ్ళే చూస్తుంది. "అరవై దాటితే పేర్లు కలిసిపోతాయి నాకు" అంటుంది. ఒక కుటుంబం ఒడ్డుకు వెళ్ళిపోవడంతో ఒక చోటు ఖాళీ అయింది. మావయ్య నిచ్చెన వదిలిన సంగతి విని తనే మా ఇంటికి వచ్చింది.

"ఐదు రోజులు ఆ చోటు మీకు ఉంచుతాను. చేరమని బతిమాలను. ముందే ఒకటి చెప్పాలి. కవచం వాళ్ళది ఒక ఒంటికి ఒకే పద్దు. నేను చెయ్యి వేస్తే మీ ఇంటి కార్డు పోతుంది, ఏడాది దాకా తిరిగి ఇవ్వరు. ఎముక విరిగినా, కడుపు కొయ్యాల్సి వచ్చినా తెల్ల పడవ రాదు. అవి నేను చెయ్యలేను. నా దగ్గర కత్తులు లేవు, చెవులున్నాయి."

తెల్ల పడవంటే కవచం ఆసుపత్రి పడవ. కార్డున్న ఇంటికే వస్తుంది.

డాక్టరమ్మ వెళ్ళాక అమ్మ బియ్యం కడుగుతూ మొదలుపెట్టింది.

"చెవులున్నాయంట. నాకు లేవా చెవులు? నాకూ ఓ మూట నాచు ఇత్తారేటి?"

"అక్కా, ఒక్కసారి సూపించుకుంటే ఏటి పోద్ది?" అన్నాడు మావయ్య.

"తెల్ల పడవ పోద్ది. మీ బావకి గుండి ఆగినప్పుడు నలబై నిముషాల్లో వచ్చిందిరా ఆ పడవ. నలబై!"

"బావ బతకలేదు కదే."

"బతకలేదు. కానీ వచ్చింది."

నాన్న పేరు పక్కన కవచం 'ముగిసిన పద్దు' అని రాసింది. అమ్మ ఆ కాగితాన్ని ఇప్పటికీ మడత నలగకుండా దాచుకుంది. పడవ వచ్చినందుకు రుజువు అదొక్కటే.

రోజు 11
గాలి: తూర్పు.

నీళ్ళలోకి దిగే ముందు నడుముకు తాడు కట్టుకోవాలి. ఆ ముడిని మునకగాళ్ళు నిద్రలో కూడా వేస్తారు. పొద్దున మావయ్య అది వేసి మధ్యాహ్నం దాకా నీళ్ళలో ఉండి, పైకి వచ్చి, అన్నం తిని, మళ్ళీ దిగడానికి ముడి వేసుకోబోయాడు. రాలేదు.

తాడు రెండు కొసలూ పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఒక కొసను ఇటు తిప్పాడు, మళ్ళీ అటు తిప్పాడు. బట్టీ దగ్గర నుంచి అమ్మ నీళ్ళ బిందెతో వస్తూ ఆగింది. ఆయనకు ఆరేళ్ళప్పుడు ఆ ముడి నేర్పింది అమ్మే.

అమ్మ బిందె దించి, ఆయన చేతుల్లోంచి తాడు తీసుకుని, చుట్టి తన భుజాన వేసుకుంది. "ఇయ్యాల దిగొద్దు" అని మాత్రం అంది.

సాయంత్రం చూస్తే కవచం కార్డు పీట మీద ఉంది. తిరిగి ఇచ్చేయడానికి అమ్మే తీసి పెట్టింది. అన్నాలు దాని చుట్టూ తిన్నాం.

రోజు 12
గాలి: ఆగ్నేయం.

కార్డు అప్పగించడానికి నేనే వెళ్ళాను. ఎందుకు మానుకుంటున్నారో చెప్పమని కిటికీ పన్నెండు కారణాలు చూపించింది. 'మా మాట వినేవాళ్ళు దొరికారు' అనేది వాటిలో లేదు. ఉన్నవాటిలో దగ్గరివి రెండు: 'మరణం', 'ఊరు మారుట'. రెండోది ఎంచాను. మీ ప్రయాణం సుఖంగా సాగాలని కిటికీ కోరుకుంది. నడిచి ఇంటికి వచ్చాను. ఎనభై అడుగులు.

రోజు 13
గాలి: దక్షిణం, నెమ్మదిగా.

ఎస్తేరు డాక్టరమ్మ పొద్దున ఎనిమిదింటికి వచ్చి పదింటి దాకా ఉంది. మొదటి పావుగంట ఏమీ అడగలేదు. మావయ్య దేని గురించి మాట్లాడితే అది విన్నది. చేపల గురించి, తాతాజీ మేస్త్రీ పిసినారితనం గురించి, చనిపోయిన మా అత్త గురించి. ఏడో నిమిషం దగ్గర మావయ్య అలవాటు కొద్దీ ఆగి, లేవబోయాడు.

"ఎక్కడికయ్యా?"

"అయిపోనేదా?"

"ఏమయిపోయింది? మొదలేకాలేదు. కూర్చో."

గుండె విన్నది. కళ్ళలో లైటు వేసింది. వేళ్ళు నొక్కింది, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టింది. మావయ్య కాలు ఎగిరి అమ్మ తెచ్చిన టీ గ్లాసుకు తగిలింది. ఆ తర్వాత చాలాసేపు కిటికీలోంచి, అంటే మా ఇంటి నిజం కిటికీలోంచి, సముద్రం చూసింది.

"గుండెలో తేడా ఏమీ వినపడలేదు. ఏ వయసూ లేదు, ఏ ఎండా లేదు. ఇదేమిటో నాకు తెలీదు" అంది.

అమ్మ మొహం చూడాలి.

"తెలీదా?"

"ఇంకా తెలీదమ్మా."

"తెలీదని సెప్పించుకోడానికి కార్డు ఇచ్చేసేవేటి మేం? తెలీకపోతే ఆ మాట నాను సెప్పనేనా, ఊరికినే?"

మావయ్య మాత్రం ఎందుకో హుషారుగా ఉన్నాడు. "అక్కా, ముగ్గురు డాక్టర్లు సూశారు నన్ను. తెలీదన్నది ఈవిడొక్కతే. ఈవిడ నిజం డాక్టరే" అన్నాడు.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మొట్టమొదట బాధ మొదలైనప్పుడు ఏమన్నాడు? కవచం వాక్యం వద్దు. ఆయన నోటి మాట గుర్తుందా?"

గుర్తుంచుకోనక్కర్లేదు, రాసి ఉందన్నాను.

రోజు 14
గాలి: దక్షిణం.

ముడి మాటల పుస్తకం డాక్టరమ్మ గదికి తీసుకెళ్ళాను. ముందు ఒక సంగతి చెప్పాలనిపించింది. రాత్రంతా దాన్ని మంచి వాక్యంగా కూర్చుకున్నాను. అక్కడికి వెళ్ళాక కూర్పు పోయింది.

"మావయ్య మూడు జబ్బులూ నేనే పెట్టినవి. కిటికీ ఏది ఒప్పుకుంటుందో అదే ఎంచాను. ఆయన చెప్పింది కాదు."

డాక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. "ఆయన చెప్పింది రాసి ఉంచింది ఎవరు?"

"నేనే."

"అయితే కూర్చుని చదువు. గట్టిగా."

మావయ్య పేజీ చదివాను. తర్వాత ఆవిడ పేజీలు తిప్పుతూ ఒకచోట వేలు పెట్టింది. "'నెత్తి మీద తడి కంబళి.' ఇదెవరు?"

"పోలారావు. ఆయనా మునకగాడే. కానీ వాళ్ళ ఇల్లు మీ అరవైలో లేదండీ, మీరు చూడకూడదు కదా."

"నేను ఆయన్ని చూడటం లేదు. నీ దస్తూరీ చూస్తున్నాను. ఆయనకే వాక్యం పెట్టావు?"

"'నిద్ర చాలకపోవుట.'"

"ఇది? 'కడుపులో పడవ ఊగుతోంది, నేను నేల మీదున్నా'?"

"ఇంకో మునకగాడు. 'అజీర్తి, కారం వల్ల' అని పెట్టాను."

తొమ్మిది మంది. తొమ్మిది మందికీ వేరువేరు జబ్బులు, అన్నీ నేను పెట్టినవే, అన్నిటినీ కిటికీ ఒప్పుకుంది. నా వాక్యాలు కొట్టేసి చదివితే తొమ్మిది మందీ ఒకే మాట చెబుతున్నారు. తడి, బరువు, ఊపు, తమవి కాని చేతులు. నాకు చెవులు వేడెక్కాయి.

డాక్టరమ్మ మాత్రం ఆ మాటలకు ముందున్నవి చూస్తోంది.

"ఈ 'తూ' ఏమిటి, ప్రతిదానికీ మొదట?"

"తూర్పు. గాలండీ. ముందు గాలి రాస్తాం కదా."

"మునకగాళ్ళ మాటలన్నిటికీ 'తూ' ఉందే."

ఇద్దరం మళ్ళీ మొదటి నుంచి తిప్పాం. ముసలమ్మ మోకాలి ఇసుక పడమటి గాలికీ ఉంది, ఉత్తరపు గాలికీ ఉంది. మునకగాళ్ళ తడి పట్టాలు తూర్పు గాలికి తప్ప లేవు. అవి మొదలైంది కూడా పోయిన ఏడాది చివర్లో. అంతకు ముందు పేజీల్లో ఒక్కటీ లేదు.

"పోయిన ఏడాది చివర్లో ఏం మారింది మీ వేదిక మీద?"

నాకు వెంటనే తెలిసింది.

"బట్టీని తూర్పు అంచుకు మార్చారు" అన్నాను. "మా అమ్మ బట్టీని."

రోజు 15
గాలి: లేదు. సముద్రం పళ్ళెంలా ఉంది.

డాక్టరమ్మ చెప్పింది ఇది. బట్టీలో నాచు కాడలు సగం సగం కాలితే ఒక విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తూర్పు గాలి దాన్ని కంప్రెసర్ గాలి పీల్చుకునే మూతి మీదకు తోస్తుంది. కంప్రెసర్ దాన్ని గొట్టంలోకి పంపుతుంది. మూతికి వడపోత ఉంది, కానీ అది పొగనీ వాసననీ ఆపుతుంది, ఆ వాయువును ఆపదు. బట్టీ దగ్గర అమ్మకు ఏమీ కాదు, అక్కడ గాలి ఆడుతుంది. గొట్టంలో ఆడదు. వేలికి పెట్టే క్లిప్పుకు మంచి ఊపిరికీ ఆ చెడ్డ ఊపిరికీ తేడా తెలీదు. అందుకే తొంభై ఎనిమిది.

తాతాజీ మేస్త్రీ అంతా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు.

"డాక్టరమ్మ గారూ, మీరు సెప్పేది బాగానే ఉంది. గానీ తొమ్మిది మందికీ తొమ్మిది జబ్బులని కిటికీ రాసింది. తుఫానుల కాలానికి ఇంక ఇరవై రోజులే ఉంది, నాలుగు కాళ్ళు గీకాలి. కిటికీ ఆపమంటే ఆపుతాను."

నేను కిటికీ దగ్గరికి పరిగెత్తాను. పోలారావు తన పేరు మీద తెరిచి ఇచ్చాడు. ఈసారి ఏ వాక్యమూ ఎంచకుండా, కింద ఎవరూ ఎప్పుడూ నింపని ఖాళీ గడిలో నిజం రాశాను. గాలితో మొదలుపెట్టి రాశాను. 'మీ వాక్యం గుర్తించబడలేదు.' పోలారావుకు పది రోజులు కిటికీ మూత. నా మొదటి తిరస్కారం. 'తిరస్కారం' కూడా మంచి మాటే, వాడే అవకాశం రాలేదింతవరకు.

రోజు 17
గాలి: తూర్పు. తెల్లవారుజాము నుంచీ.

ఎనిమిది మందీ తాళ్ళు కట్టుకుంటున్నారు. డాక్టరమ్మ వద్దన్నందుకు మావయ్య ఒక్కడే గట్టు మీద ఉన్నాడు. డాక్టరమ్మ చేతిలో అరచేయంత పాత యంత్రం ఉంది. దానిలోకి ఊదితే ఊపిరిలో ఆ వాయువు ఎంతుందో చెబుతుంది. ఐదారు దాటకూడదు. కానీ ఊదడానికి మనిషి కావాలి. ఆ ఎనిమిది మందిలో ఎవరి మీద ఆవిడ చెయ్యి పడినా ఆ ఇంటి కార్డు పోతుంది.

మావయ్య లేచాడు. "నా కార్డు ఎలాగూ పోయింది. నాను దిగుతాను. వచ్చి ఊదుతాను."

"నువ్వు నా రోగివి. నిన్ను దింపను."

"మరెవరు?"

"నాకు ఏ పద్దూ లేదు" అంది డాక్టరమ్మ. ముందు యంత్రంలోకి ఊది అందరికీ చూపించింది. రెండు. బోర్లించిన నాచు బుట్ట మీద చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చుని, మావయ్య గొట్టం కడిగి నోట్లో పెట్టుకుంది. ముక్కుకు బట్టల క్లిప్పు తగిలించుకుంది.

మునకగాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఏటి సేత్తందిరా ఈవిడ?"

"మునుగుతోంది. నీళ్ళు లేకుండా."

"అలాగైతే మా ఆవిడకీ నేర్పండి, ఇంట్లో కూకుని గీకుద్ది."

నవ్వుకున్నారు గానీ ఎవరూ దిగలేదు. చూడటానికి ఆగిపోయారు. పావుగంటకు నవ్వులు తగ్గాయి. అరగంటకు డాక్టరమ్మ మొహం పాలిపోయింది. ముప్పై ఐదో నిమిషంలో మావయ్య గొట్టం లాగేశాడు. ఆవిడ యంత్రం అందుకోబోతే చెయ్యి పక్కన పడింది. నేను పట్టుకుని నోటి దగ్గర పెట్టాను. ఊదింది.

నలభై ఒకటి.

తాతాజీ మేస్త్రీ యంత్రాన్ని తీసుకుని తట్టి చూశాడు. నలభై ఒకటే.

డాక్టరమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. "తడి గోనెపట్టా" అంది. "కొర్లయ్యా, నువ్వు చాలా సరిగ్గా చెప్పావయ్యా. తీద్దామంటే అక్కడేమీ లేదు."

ఏడుగురు తాళ్ళు విప్పుకున్నారు. మేస్త్రీ కిటికీ వైపు ఒకసారి చూసి, తన తాడు కూడా విప్పేశాడు.

అప్పుడు తూర్పు అంచు నుంచి పెద్దగా బుస్సుమన్న చప్పుడు వచ్చింది. ఎవరు చెప్పారో, అమ్మ బట్టీలో బిందెలకు బిందెలు నీళ్ళు కుమ్మరిస్తోంది. తొమ్మిదేళ్ళుగా ఆ మంట ఆరకుండా చూడటమే అమ్మ పని. ఆవిరి మధ్యలో నిలబడి, నన్ను చూసి, "నా సేతుల్తో పెట్టిన మంటే కదే తాయారూ" అంది. మళ్ళీ బిందె ముంచింది.

కంప్రెసర్ మూతిని దాని షెడ్డు కప్పు మీద ఎత్తుకు మార్చడానికి నాలుగు మీటర్ల గొట్టం, రెండు క్లాంపులు పట్టాయి. ఏడాది పాటు తొమ్మిది మంది తొమ్మిది రకాల మందులు వాడారు. మార్చడానికి గంట పట్టింది.

ఆఖరి క్లాంపు బిగించి మావయ్య షెడ్డు మీద నుంచి దిగుతూ కాలు జారి పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. చప్పుడు అందరికీ వినబడింది.

అమ్మ తడి చీరతోనే వచ్చి ఆయన పక్కన చతికిలబడింది. "సెప్పానా" అంది.

రోజు 18
గాలి: తూర్పే. సముద్రం బాగోలేదు.

తెల్ల పడవ రాలేదు. ఎందుకు వస్తుంది? నాచు మోసే పడవలో ఐదు గంటలు ప్రయాణం చేసి ఒడ్డున సర్కారు ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ కూడా వచ్చింది. దారిపొడుగునా మావయ్య చేతిని రెండు చెక్కముక్కల మధ్య పెట్టుకుని, ప్రతి అలకూ కుదుపు తగలకుండా ఎత్తిపట్టింది. మధ్యలో ఆవిడే రెండుసార్లు వాంతి చేసుకుంది. మావయ్య నొప్పికి మూడు గంటలు అరిచి, మిగతా రెండు గంటలు ఆవిడకు చేపల సంగతులు చెప్పాడు. తెల్ల పడవైతే నలభై నిమిషాలు. ఇది రాయకపోతే జరిగింది రాసినట్టు కాదు.

అమ్మ ఎవరినీ తిట్టలేదు. తిరుగు దారిలో మాత్రం ఒక్క మాట అంది. "మీ నాన్నతోటి మాటాడ్డానికి ఆ పడవలో మనోళ్ళెవరూ లేరే. నన్ను ఎక్కనివ్వలేదు, సోటు లేదని."

ఇన్నేళ్ళలో ఆ సంగతి చెప్పడం ఇదే మొదలు.

రోజు 36
గాలి: తూర్పు, గట్టిగా.

గొట్టం మార్చాక తూర్పు గాలి ఇది ఆరోసారి. మునకగాళ్ళెవరికీ తడి పట్టాలు లేవు. మావయ్య కట్టున్న చేత్తో కొస నొక్కిపట్టి ఎడమ చేత్తో ముడి వేశాడు, ఆయన మామూలు వేగంలో సగం వేగంతో. అమ్మ చూడనట్టు నటిస్తూ చూసింది. బట్టీ మళ్ళీ తన పాత చోట, పడమటి అంచున వెలిగింది, అమ్మే వెలిగించింది.

కవచం కిటికీలో ఇప్పుడు నూట పదిహేను వాక్యాలు ఉన్నాయి. కొత్తది: 'తల బరువు, గాలి గొట్టం వల్ల'. ఎంచితే నొప్పి మాత్రలు ఆరు పడతాయి. ఇప్పుడది ఎవరికీ అక్కర్లేదు.

మిగతా మునకగాళ్ళ ఎనిమిది ఇళ్ళ వాళ్ళూ డాక్టరమ్మ దగ్గర చేరతామని వెళ్ళారు. చోటు లేదంది. అరవై అంటే అరవయ్యే. తాతాజీ మేస్త్రీకి కోపం వచ్చింది. ఇంకో డాక్టరును వెతికి తెచ్చుకోండి, కావలిస్తే పిలుస్తూ ఉత్తరం నేను రాయిస్తానంది డాక్టరమ్మ. ఆ ఉత్తరం నాతో రాయించారు. గాలితో మొదలుపెట్టాను.

కిటికీ దగ్గర వాక్యాలు ఎంచడం నేను మానలేదు. యాభై ఇళ్ళకు పైగా ఇంకా దానిమీదే ఉన్నాయి. కానీ ముడి మాటను కాగితం మీద రాసి ఎవరిది వాళ్ళ చేతికే ఇస్తున్నాను, ఎప్పటికైనా వినేవాళ్ళకు చూపించుకోమని.

రోజు 40
గాలి: కింద రాశాను.

మావయ్య చెయ్యి చూడటానికి డాక్టరమ్మ వచ్చింది. చూసింది. వెళ్తుందనుకుంటే సంచి దించి, నా ఎదురుగా పీట వేసుకుంది.

"మీ ఇంట్లో మూడు పేర్లున్నాయి నా పుస్తకంలో. రెండు పేజీలు నిండాయి. మూడోది తెల్లగా ఉంది. నువ్వెలా ఉన్నావు?"

బాగానే ఉన్నానన్నాను.

"అది నూట ఎన్నో వాక్యం?"

మావయ్య నవ్వాడు. అమ్మ పొయ్యి దగ్గర గరిటె ఆపింది.

ఊరందరి నొప్పులకూ నా దగ్గర మాటలున్నాయి. రెండు పుస్తకాల నిండా ఉన్నాయి. నన్నెవరూ అడగలేదు కాబట్టి నావి ఎక్కడ వెతకాలో తెలియలేదు. ఏడు నిమిషాలు అయిపోయే ఉంటాయి. డాక్టరమ్మ కలం తెరిచి పట్టుకుని అలాగే కూర్చుంది. ఆవిడకు తొందరేమీ ఉన్నట్టు లేదు.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చివరికి తట్టింది.

"పడమటి గాలి, నెమ్మదిగా" అన్నాను.

డాక్టరమ్మ రాసుకుంది.